నూరుమందిలో ఎందరికి ముందు?

మా వీథిలో ఒక పెద్దమనిషి ఉన్నారు. విశాఖపట్నం రేవులో ముప్పదియైదేండ్లు పనిచేసి విశ్రాంతి పుచ్చుకొన్నవారు. వారి కుమారుడు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. మనుమడు ఇంజనీరింగు ముగించి, వ్యాపార నిర్వహణ విద్యాలయాలలో ప్రవేశానికై జరిగే ‘క్యాట్’ పరీక్షను 2024 నవంబరులో వ్రాశాడు. డిసెంబరులో ఫలితాలు వెలువడిన సాయంత్రం నేను వారింటికి వెళ్ళేసరికి తాతగారు మిఠాయి పొట్లం విప్పుతున్నారు. మనుమడు తల వంచుకొని కూర్చున్నాడు.

“చూడండి, తొంభై వచ్చింది. అయినా ఈ మొగమేమిటి? మా కాలంలో అరవై వస్తే ఫస్టుక్లాసని ఊరంతా చెప్పుకొనేవారు” అన్నారు పెద్దాయన.

“అవి తొంభై మార్కులు కావు తాతగారూ, తొంభై పర్సంటైలు. నా ముందు ఇరవైతొమ్మిది వేలమంది ఉన్నారు” అన్నాడు కుర్రవాడు.

“ఇంతకూ ప్యాసయినట్టా, ఫెయిలయినట్టా?” అని అడిగాడు తండ్రి.

ముగ్గురూ చూస్తున్నది ఒకే అంకె. మాట్లాడుతున్నవి మాత్రం మూడు వేరువేరు సంగతులు. ఈ తికమక ఆ ఒక్క ఇంటిది కాదు. ఏటేటా ఫలితాల దినాన ఎన్నో ఇండ్లలో ఇదే సంభాషణ నడుస్తున్నది. ఒక అంకెను సరిగా చదువలేక కొందరు లేని భరోసా తెచ్చుకొంటున్నారు. మరికొందరు లేని దుఃఖం తెచ్చిపెట్టుకొంటున్నారు. కాబట్టి ఆ అంకె ఎక్కడ పుట్టింది, ఏ దారిన మన ఇంటి గడపకు వచ్చింది, అది చెప్పేదేమిటి, చెప్పలేనిదేమిటి అన్నది కొంచెం విచారించవలసి ఉన్నది.

తాతగారు తలచుకొన్న అరవై పాత లెక్కలోనిది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన నాటినుండి చాలాకాలం మన ప్రాంతపు కళాశాలల విద్యార్థులు దాని పరీక్షలకే వెళ్ళేవారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో అవతరించి, 1930లో వాల్తేరు కొండలమీదికి తరలివచ్చింది. విశ్వవిద్యాలయం మారినా లెక్క మాత్రం మారలేదు. నూటికి ఇన్ని మార్కులు వస్తే ఉత్తీర్ణత, ఇన్ని వస్తే ప్రథమశ్రేణి అని గీత ముందే గీసి ఉండేది. ఆ గీత దాటినవారు పదిమందైనా, పదివేలమందైనా అందరూ ఉత్తీర్ణులే. పక్కవాడికి ఫస్టుక్లాసు వచ్చినంతమాత్రాన నా ఫస్టుక్లాసుకు లోటు రాదు. ఆ పరీక్ష అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ విద్యార్థికి పాఠం వచ్చునా, రాదా? దానికి సమాధానం శాతం. శాతం మనిషికీ ప్రశ్నపత్రానికీ మధ్య జరిగే లెక్క.

ఐతే ఉన్న స్థానాలు కొద్ది, కోరేవారు వేలకొద్దీ అయినప్పుడు ప్రశ్న మారిపోతుంది. ‘వచ్చునా, రాదా’ అన్నది చాలదు. ‘ఎవరు ముందు, ఎవరు వెనుక’ అని తేల్చవలసివస్తుంది. వ్యాపార నిర్వహణ విద్యలో ఈ అవసరం ముందుగా కనిపించింది అమెరికాలో. ఒక్కొక్క కళాశాల తన పద్ధతిలో మార్కులు వేసి పంపుతుంటే, ఆ విద్యార్థులందరినీ ఒకే త్రాసులో తూచడం ఎట్లా? 1953లో తొమ్మిది విద్యాలయాలు కూడబలుక్కొని, అందరికీ ఉమ్మడిగా ఒక ప్రవేశపరీక్ష ఉండాలని నిశ్చయించుకొన్నవి. 1954లో అది మొదటిసారి జరిగింది. 1976 నుండి ‘జీమ్యాట్’ అని ప్రసిద్ధి పొందినది ఆ పరీక్షయే.

అది ఆరంభమైన మూడేండ్లకే, 1957లో, వాల్తేరులోని మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎం.బి.ఏ. బోధన చేపట్టింది. మనదేశంలో ఈ విద్య తొలుత నాటుకొన్న చోట్లలో విశాఖ ఒకటి. 1961లో కలకత్తాలోను, అహమ్మదాబాదులోను భారతీయ నిర్వహణ సంస్థలు నెలకొన్నవి. 1973లో బెంగుళూరు సంస్థ వచ్చింది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో మన రాష్ట్రానికి అటువంటి సంస్థ ఒకటి పేర్కొనబడింది. ఆ ప్రకారం 2015లో విశాఖపట్నం సంస్థ, బెంగుళూరు సంస్థ అండతో, ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే పాఠాలు ప్రారంభించింది. గంభీరం వద్ద దాని శాశ్వత ప్రాంగణం 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితమైనది. 1933లో రేవు తెరచుకొన్న ఊరు, ఉక్కు కోసం 1966లో ఉద్యమించిన ఊరు, ఇప్పుడు ఆ రేవులనూ కర్మాగారాలనూ నడిపే విద్యకు కూడా నిలయమైనది. దానితోపాటు పర్సంటైలు అన్న మాట మన వీథుల్లోకి వచ్చింది.

ఈ మాటను పుట్టించినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆంగ్లేయుడు. 1884లో లండనులో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య ప్రదర్శనలో ఆయన ఒక కొలతల శాల పెట్టాడు. వచ్చినవారు మూడు పెన్నీలు చెల్లిస్తే వారి ఎత్తు, బరువు, చేతిపట్టు, చూపు మొదలైనవి కొలిచి చీటీ ఇచ్చేవారు. ఆ ప్రదర్శనలో 9,337 మంది కొలతలు ఆయన చేతికి వచ్చినవి. చేతిపట్టు ఇన్ని పౌనులు అంటే సామాన్యుడికి ఏమి తెలుస్తుంది? అది ఎక్కువా, తక్కువా? దానికి గాల్టన్ ఎంచుకొన్న ఉపాయం చాలా సులభమైనది. అందరినీ బలహీనుడినుండి బలవంతుడివరకు ఒక వరుసలో నిలబెట్టు. ఆ వరుసను నూరు భాగాలు చెయ్యి. నీవు ఏ భాగం దగ్గర నిలిచావో చూచుకో. 1885లో ఆయన ఈ స్థానానికి ‘పర్సంటైలు’ అని పేరు పెట్టాడు. మనం శతాంశస్థానం అనుకోవచ్చును.

ఇందులో ఒక మెలిక ఉన్నది. అంతకు పదేండ్ల ముందే గాల్టన్ ఒక సంగతి గ్రహించాడు: వరుస పేర్చడానికి కొలబద్ద అక్కరలేదు. ఎవరు ఎవరికన్న ఎక్కువో తెలిస్తే చాలును. కొలవడానికి వీలులేని గుణాలను సైతం ఈ విధంగా వరుసలో పెట్టవచ్చును. పర్సంటైలు బలం అదే, బలహీనత అదే. అది ఎత్తు చెప్పదు, వరుసలో చోటు చెబుతుంది. అదే గాల్టన్ మనుషులలో మేలుజాతి, కీడుజాతి అని ఏర్పరచే సిద్ధాంతానికి కూడా మూలపురుషుడు కావడం, ఆ సిద్ధాంతం తరువాతి కాలంలో లోకానికి చాలా కీడు చేయడం మనం మరువరాదు. వరుసలోని చోటును మనిషి విలువగా పొరబడితే ఏమౌతుందో చరిత్ర ఒకసారి చూచే ఉన్నది.

ఇక మన కుర్రవాడి అంకె దగ్గరకు వద్దాము. 2024 క్యాట్‌లో 68 ప్రశ్నలు, 204 మార్కులు, రెండు గంటల కాలం. సరియైన సమాధానానికి మూడు మార్కులు. నాలుగింటిలో ఒకటి ఎంచుకొనే ప్రశ్నలలో తప్పుకు ఒక మార్కు కోత. పరీక్ష ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం మూడు విడతలుగా జరిగింది. ఒక్కొక్క విడతకు ఒక్కొక్క ప్రశ్నపత్రం. ఒకటి కొంచెం కఠినం, ఒకటి కొంచెం సులభం కాక తప్పదు. అందుచేత వచ్చిన మార్కులను ఉన్నవి ఉన్నట్లు పోల్చరు.

ఇది మన రేవులో లోతు కొలిచేవారికి బాగా తెలిసిన విషయమే. పోటు మీద ఉన్నప్పుడు కొలిస్తే ఒక లోతు, ఆటు మీద ఉన్నప్పుడు కొలిస్తే మరొక లోతు కనిపిస్తుంది. అడుగుననున్న నేల మాత్రం ఒక్కటే. అందువల్ల ఏ వేళ కొలిచిన లోతునైనా నీటిమట్టాన్ని బట్టి సవరించి, ఒకే ప్రమాణమట్టం నుండి లెక్కగట్టి పటంలో వ్రాస్తారు. మూడు విడతల మార్కులను కూడా అట్లాగే గణితం ద్వారా ఒకే మట్టానికి తెస్తారు. దానినే స్కేల్డ్ స్కోరు అంటున్నారు. ఆ స్కోరును బట్టి అందరినీ వరుసలో పెడతారు. వరుసను బట్టి పర్సంటైలు కడతారు. మార్కు, స్కోరు, పర్సంటైలు అనేవి ఒకదాని మీద ఒకటి కట్టిన మూడు మెట్లు.

చివరి మెట్టు లెక్క ఇది: పరీక్షకు హాజరైనవారి సంఖ్యలోనుండి నీ ర్యాంకు తీసివేసి, మిగిలినదానిని హాజరైనవారి సంఖ్యతో భాగించి, నూటితో హెచ్చించాలి. 2024లో హాజరైనవారు సుమారు 2,93,000 మంది. ఒక పర్సంటైలు అంటే 2,930 మంది. 90 పర్సంటైలు అంటే ముందు 29,300 మంది. 99 అంటే ముందు 2,930 మంది. దశాంశ బిందువు తరువాత రెండవ స్థానంలో ఒక్క అంకె తేడా అంటే 29 మంది. మన కుర్రవాడు చెప్పినది ఈ లెక్కే.

ఈ సూత్రం ప్రకారం మొదటి ర్యాంకు వచ్చినవాడికి కూడా నిండు నూరు రాదు. ఎవరూ తమ వెనుక తాము నిలువలేరు గదా! మరి పత్రికలలో నూరు పర్సంటైలు సాధించినవారి వార్తలు ఎట్లా వస్తున్నవి? దశాంశ బిందువు తరువాత రెండు స్థానాలకే అంకెను సరిచేస్తారు. 99.995 కాని, ఆపైన కాని ఉంటే నూరుగా వ్రాస్తారు. అంటే ఇరువదివేల మందికి ఒక్కరు చొప్పున నూరు దక్కుతుంది. ఈ లెక్క పట్టుకొని గత సంవత్సరాల ఫలితాలు చూడండి. 2021లో సుమారు 1,92,000 మంది హాజరుకాగా నూరు వచ్చినవారు 9 మంది. 2022లో 2,22,000 మందికి 11 మంది. 2023లో 2,88,000 మందికి 14 మంది. 2024లో 2,93,000 మందికి 14 మంది. ఇరువదివేలతో భాగించి, శేషం వదలివేయండి. ప్రతి యేడూ సరిపోతుంది. నూరు వచ్చినవారి సంఖ్య పెరిగిందంటే ఆ యేడు మేధావులు ఎక్కువ పుట్టినట్లు కాదు, హాజరైనవారు పెరిగినట్లు. వారిలో ఎవరికీ నిండు మార్కులు రావలసిన పనికూడా లేదు. ఇటీవలి సంవత్సరాలలో మొత్తం మార్కులలో సగం కూడా రానివారు 99 పర్సంటైలు అందుకొన్నారు.

మరి రెండు సంగతులు ఇంటివారు గుర్తుపెట్టుకోదగినవి. వరుస మధ్యభాగంలో జనం క్రిక్కిరిసి ఉంటారు; చివరలకు పోయినకొద్దీ పలచబడతారు. అందువల్ల మధ్యనున్నవాడికి నాలుగు మార్కులు పెరిగితే పర్సంటైలు గబగబా ఎగబాకుతుంది. పైనున్నవాడికి అవే నాలుగు మార్కులు పెరిగినా దశాంశాలలోనే కదలిక కనిపిస్తుంది. ‘తొంభైకి వచ్చినవాడివి ఇంకొక తొమ్మిది తెచ్చుకోలేకపోయావా’ అనడం ఆ తొమ్మిది మెట్లూ సమానమైన ఎత్తున్నవని భ్రమపడడమే. రెండవది: భాషకు, తర్కానికి, గణితానికి విడివిడిగా పర్సంటైళ్ళు ఇస్తారు. మొత్తం పర్సంటైలు ఆ మూడింటి సగటు కాదు. మూడింటిలోను సమంగా రాణించేవారు తక్కువ కనుక, ఒక్కొక్కదానిలో 85 వద్దనున్నవాడు మొత్తం మీద 90 దాటవచ్చును.

అన్నిటికన్న ముఖ్యం, ఆ వరుసలో ఎవరున్నారన్నది. క్యాట్ వ్రాసేవారు దారినపోయే నూరుమంది కారు. పట్టం పుచ్చుకొన్నవారో, పుచ్చుకోబోతున్నవారో. అందులో చాలామంది నెలల తరబడి సాధన చేసినవారు. అటువంటి గుంపులో సరిగ్గా నడుమ నిలిచినవాడు కూడా లోకం మొత్తం మీద నడిమివాడు కాడు. గుంపు మారితే అదే మనిషి పర్సంటైలు మారుతుంది. అంకెలో సగం మనిషిది. మిగిలిన సగం అతని చుట్టూ ఉన్నవారిది.

ఇంతవరకు లెక్క బాగుగానే ఉన్నది. ఐతే రెండు గంటల పరీక్ష ఒక మనిషిని గురించి ఎంతవరకు చెప్పగలదు? ఈ ప్రశ్నకు దగ్గరి చుట్టమైన ప్రశ్నకు గణితంలో సమాధానం చెప్పినవారు మన విశాఖలో చదివిన మహనీయులే. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10న హడగళిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించి, విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలోను, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను గణితం అభ్యసించారు. ఒక ఉద్యోగపు ఇంటర్వ్యూకై కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం దొరకలేదు. ఐతే ఆ ప్రయాణంలోనే మహలనోబిస్‌గారు 1931లో స్థాపించిన భారత గణాంక సంస్థను గురించి తెలిసి, 1941 జనవరిలో అక్కడ చేరారు. 1945లో ఆయన ప్రకటించిన ఒక వ్యాసం లోకప్రసిద్ధమైనది. స్వీడను దేశపు క్రామర్ పండితుని పేరుతో కలిపి దానిలోని ఫలితాన్ని క్రామర్–రావు హద్దు అంటున్నారు.

దాని సారం సామాన్యభాషలో ఇట్లా చెప్పవచ్చును: చేతనున్న సమాచారం ఇంత అని తేలినప్పుడు, ఒక ప్రక్కకు మొగ్గని ఏ అంచనా పద్ధతియైనా, అది ఎంత నేర్పుగా కూర్చినదైనా, అనిశ్చితిని ఒక హద్దుకు దిగువకు తగ్గించలేదు. రావుగారు ప్రవేశపరీక్షలను గురించి ఈ మాట చెప్పలేదు. కాని అరువదియెనిమిది ప్రశ్నలు కూడా ఒక మనిషి శక్తిని గురించిన కొద్దిపాటి సమాచారమే గదా. మరుసటి ఆదివారం మరొక ప్రశ్నపత్రం ఇస్తే అదే కుర్రవాడికి అదే అంకె వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అంకెలో దశాంశాలు రెండు స్థానాల వరకు అచ్చయినవి కాబట్టి మనిషిని కూడా అంత నిక్కచ్చిగా కొలిచినట్లు అనుకోరాదు. విద్యాలయాలకు కూడా ఇది తెలియనిది కాదు. అందుకే పర్సంటైలును గడప దాటడానికి వాడుకొని, లోపలికి పిలిచిన తరువాత ఇంటర్వ్యూ చేస్తున్నవి. వెనుకటి చదువునూ, ఉద్యోగానుభవాన్నీ లెక్కలోకి తీసుకొంటున్నవి.

కలకత్తాలో ఉద్యోగం దొరకని ఆ యువకుడు 2023లో, నూటరెండేళ్ళ వయస్సులో, గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమానం అందుకొన్నారు. ఆ యేడు ఆగస్టు 22న స్వర్గస్థులైనారు.

ఆ సాయంత్రం నేను ఇంత ఉపన్యాసం ఇవ్వలేదు. ముందుగా తండ్రి ప్రశ్నకు బదులు చెప్పాను. క్యాట్‌లో ప్యాసు, ఫెయిలు అనేవి లేవు. ఏ విద్యాలయానికి ఆ విద్యాలయమే తన గీత గీసుకొంటుంది. మన రాష్ట్రపు ఐసెట్‌లోనైతే ఆ ప్రశ్నకు అర్థం ఉన్నది: 200 మార్కులకు 50, అంటే నూటికి ఇరువదియైదు, రావాలి, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి ఆ కనీసం కూడా లేదు. ఆ గీత దాటిన తరువాత అక్కడా వరుసే; అక్కడ దానిని ర్యాంకుగా ఇస్తారు. పాత లెక్క, క్రొత్త లెక్క రెండూ ఒకే పరీక్షలో కనిపించడం అక్కడి విశేషం.

తాతగారు కొంతసేపు ఆలోచించారు. “బయట లంగరు వేసిన ఓడల వరుస లాంటిదన్నమాట. ముందు ఎన్ని ఉన్నవో దీనిలో తెలుస్తుంది. ఓడ ఎంత సరుకు మోస్తుందో తెలియదు” అన్నారు.

“అంతే తాతగారూ” అన్నాడు మనుమడు.

“మరి వరుసలో ఉన్న ఓడ వెనుదిరిగిపోదు గదా. నీ అంకెకు తలుపు తీసే చోట్లు ఏవో ఆ కాగితం తీసి చూడు” అని, మిఠాయి పొట్లం అతని వైపు జరిపారు.

కుర్రవాడు ఒకటి తీసుకొన్నాడు. తండ్రి కళ్ళజోడు తుడుచుకొని విద్యాలయాల పట్టిక చదవడం మొదలుపెట్టాడు.